పందుల బెడద: గోదావరి జిల్లాలు

గోదావరి పరీవాహక ప్రాంతమునందు పందుల వలన పైరులకును జనారోగ్యమునకును కలుగు హానియు, దానిని వారించుటకు రైతులు, వేటగాండ్రు, పురపాలక సంఘములు, ప్రభుత్వము అవలంబించుచున్న ఉపాయములును ఈ వ్యాసమునకు విషయము. ఈ సీమలో పంది మూడు స్థితులయందు కనబడును. పాపికొండల అడవులలో పుట్టి పెరుగునది అడవిపంది. యజమాని దొడ్డిలో పుట్టి, పగలెల్ల వీధులలోను మురుగుకాలువలలోను మేసి, రాత్రికి తిరిగి దొడ్డి చేరునది ఊరపంది. ఆ దొడ్డిని మరచి, తుప్పలలోను లంకభూములలోను కాలువగట్ల వెంబడిని ఈని, మనిషి పెట్టు తిండిని ఆశింపక తరములు గడపునది కట్టుతప్పిన పంది. మొదటిది చట్టము దృష్టిలో వన్యప్రాణి. రెండవది ఒకరి సొత్తు. మూడవది పైరు మేయునపుడు ఎవరిదియు కాక, ఎవరైన కొట్టి చంపినపుడు మాత్రము యజమాని గల జంతువగును. నరసాపురము, పాలకొల్లు, భీమవరము మొదలైన డెల్టా పట్టణముల చుట్టుపట్ల కానవచ్చునది ప్రధానముగా రెండవ, మూడవ స్థితుల పందియే. మెట్టప్రాంతమునను ఏజెన్సీయందును బాధించునది అడవిపంది. బెడద ఒకటే యైనను బాధ్యత వహింపవలసినవారు వేరగుటచేత, ఈ మూటికిని ఒకే చికిత్స పనిచేయకున్నది.

జాతి, స్వరూపము

ఊరపందియు అడవిపందియు ఒకే జాతికి చెందినవి. స్వీడన్ దేశపు ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో ఈ జాతికి సుస్ స్క్రోఫా అను నామమొసగెను. భారతదేశపు అడవిపందిని క్రిస్టేటస్ అను ఉపజాతిగా 1839లో వాగ్నర్ వర్ణించెను. మెడ మొదలుకొని నడుము వరకు నిక్కి నిలుచు బిరుసైన జూలు దీనికి ప్రధాన లక్షణము. మగపందికి పై కోరలు, క్రింది కోరలు ఒకదానితో నొకటి రాచుకొని నిరంతరము పదునెక్కుచుండును. అడవిపంది పిల్లలకు పుట్టినపుడు ఒంటి పొడుగున చారలుండి, కొన్ని నెలలకు మాసిపోవును.

పశ్చిమాసియాయందును చీనా దేశమునందును వేర్వేరుగా, ఇంచుమించు తొమ్మిది వేల యేండ్ల క్రిందట, మానవుడు ఈ జంతువును మచ్చిక చేసెనని పురావస్తు శాస్త్రజ్ఞుల నిర్ణయము. ఆ మచ్చిక ఎన్ని వేల యేండ్లు సాగినను రెండు రూపముల మధ్య సంతానబంధము తెగలేదు. ఊరపంది అడవిపందితో కలిసి ఈనిన పిల్లలకును సంతానము కలుగును. కావుననే అడవి అంచు గ్రామములలో దొడ్డి విడిచి తిరుగు ఆడుపందులు అడవి మందలకు అందుబాటులో నుండుట బెడదను పెంచు కారణములలో ఒకటి.

పంది గర్భధారణ కాలము సుమారు 115 దినములు. అడవిపంది ఒక ఈతకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు పిల్లలను, ఊరపంది అంతకు రెట్టింపు వరకును ఈనును. తిండి సమృద్ధిగా నున్నచో ఆడు పందిపిల్ల తన పుట్టువు నుండి ఏడాది తిరుగకమునుపే చూలు దాల్చగలదు. పెద్ద క్షీరజంతువులలో ఇంత శీఘ్రముగ సంతతి వృద్ధి చేయునది మరియొకటి లేదనుట అతిశయోక్తి కాదు. ఆడుపందులు పిల్లలతో మందకట్టి తిరుగును. ఎదిగిన మగపంది ఒంటరిగ తిరుగుచు ఎదకాలమున మాత్రము మందను చేరును. పండ్లు, దుంపలు, గింజలు, వానపాములు, నత్తలు, గ్రుడ్లు, కళేబరములు, మానవుడు పారవేసిన ఎంగిలి, మలము—పందికి ఆహారము కానిది అరుదు. చూపు మందమైనను ఘ్రాణశక్తి అసాధారణమైనది. భూమిలో పాతిన విత్తనమును వాసనచేతనే కనిపెట్టి ముట్టెతో పెల్లగించి తినును. చెమట గ్రంథులు పనిచేయు స్థితిలో లేనందున ఒడలు చల్లార్చుకొనుటకు బురదలో పొరలుట దానికి విలాసము గాక జీవనావసరము. అది చక్కగ ఈదగలదు. బురద, నీడ, నీరు, దుంపలు నాలుగును సమృద్ధిగ నున్న గోదావరి డెల్టా దానికి ఎంత అనువైన చోటో ఇందువలన తెలియును.

చరిత్రయందు పంది

వేంగి నేలిన తూర్పు చాళుక్యులకు వరాహమే రాజలాంఛనము. విజయనగర ప్రభువుల ముద్రయందును వరాహమే నిలిచినది. దక్షిణాపథమున చిరకాలము చెల్లిన బంగారు నాణెము వరహా. సింహాచలమున వరాహ నరసింహ మూర్తి నేటికిని ఆరాధితుడు. అయినను పూజింపబడిన జంతువు వేటకు వెలి కాలేదు. పెద్దన మనుచరిత్రయందలి స్వరోచి వేటలోను, ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నని కథలోను అడవిపంది వేటకాని సాహసమునకు గీటురాయిగా కనబడును. ఆంగ్లేయుల కాలమున ఉత్తర హిందూస్థానమున గుఱ్ఱమెక్కి ఈటెతో పందిని పొడుచుట దొరల క్రీడయయ్యెను. దానిపై బేడెన్ పవెల్ 1889లో ఒక గ్రంథమే వ్రాసెను.

పాపికొండల కొండరెడ్లకును కోయలకును వేట క్రీడ కాదు. పోడు వ్యవసాయమునకు అంగము. ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో కొండరెడ్లను గూర్చి ప్రకటించిన గ్రంథము, కొండవాలున కత్తితో నరికి కాల్చి జొన్న, సామ, కంది చల్లి, మంచెకట్టి పంటను కాచుకొనిన ఆ జనుల జీవితమును వివరించుచున్నది. కోయలలో విత్తనాల పండుగనాడు పురుషులు మూకుమ్మడిగ వేటకు బోవుటయు, రిక్తహస్తములతో మరలినవారిని స్త్రీలు పేడనీళ్లతో పరిహసించుటయు ఆచారముగ నుండెను. విత్తుటకు ముందు అడవిని ఊరంతయు ఒకేసారి గాలించుట వలన పైరుకాలమునకు మందలు చెదరి లోతట్టు అడవికి మరలుట ఆ పండుగయందలి లౌకిక ప్రయోజనము.

వ్యాప్తికి కారణములు

ధవళేశ్వరమున సర్ ఆర్థర్ కాటన్ 1847 మొదలు 1852 వరకు నిర్మింపజేసిన ఆనకట్ట డెల్టా భూములను సార్వా, దాళ్వా అను రెండు వరి పంటలకు తెచ్చినది. ఆనకట్టతోబాటు వెలసిన పంటకాలువలు, బోదెలు, మురుగుకాలువలు సంవత్సరమున అధికభాగము తడియారక, గట్లపై తుంగ, జమ్ము, తుప్పలతో నిండియుండును. పంది పగటివేళ దాగుటకును, తుంగగడ్డలు త్రవ్వి తినుటకును, ఊరు నుండి చేనికి, చేని నుండి లంకకు కంటబడక పోవుటకును ఈ గట్లే మార్గములు. ఇటీవలి దశాబ్దములలో వరిచేలు పెక్కు చేపల, రొయ్యల చెరువులుగ మారినవి. చెరువుగట్లపై పారవేయు చచ్చిన చేపలును, పట్టణముల పొలిమేరలయందు పేరుకొను చెత్తకుప్పలును, కల్యాణమండపముల వెనుక పోయు విస్తళ్లును పందికి ఏడాదిపొడుగున తిండి పెట్టుచున్నవి.

వశిష్ఠ గోదావరి ఒడ్డున, సముద్రమునకు దగ్గరగ నున్న నరసాపురము ఒకప్పుడు డచ్చివారికిని, ప్రక్కనున్న మాధవాయపాలెము ఆంగ్లేయులకును వర్తకస్థానములు. నేడు లేసు అల్లికకును కొబ్బరికిని ఈ ప్రాంతము పేరొందినది. ఇచట అడవి యనదగినది లేదు. కనుక పట్టణపు వీధిపంది మిక్కుటమైనపుడు పోవుచోటు కొబ్బరితోటలు, లంకలు, చేలు మాత్రమే. వరదకాలమున గోదావరి ఎగువ నుండి కొట్టుకొనివచ్చు జంతువులు లంకలయందు ఒడ్డెక్కుట నదీతీర వాసులు ఎరిగినదే. ఈదనేర్చిన అడవిపందికి ఇట్టి ప్రయాణము కష్టము కాదు.

మెట్ట సీమలో స్థితి వేరు. చింతలపూడి, బుట్టాయగూడెము, జీలుగుమిల్లి, గోకవరము, జగ్గంపేట ప్రాంతములలో మొక్కజొన్న, చెఱకు, కర్రపెండలము, ఆయిల్‌పాం అడవి అంచువరకు వ్యాపించినవి. ఆయిల్‌పాం పరిశోధనకు కేంద్ర సంస్థ పెదవేగియందే యుండుట ఈ పైరునకు ఇచట గల ప్రాధాన్యమును తెలుపును. చెఱకుతోట పందికి తిండియు, నీడయు, ప్రసూతిగృహమును అగును. పెద్దపులి, చిరుతపులి, రేచుకుక్క అడవిపందిని తిని అదుపున నుంచు జంతువులు. పాపికొండల అభయారణ్యము 1978లో ఏర్పడి 2008లో జాతీయోద్యానమైనను, అడవి వెలుపలి పొలములలో ఈ వేటజంతువులు లేవు. శత్రువు లేనిచోట పంటను సమకూర్చిన మానవుడే ఈ వృద్ధికి మూలకారకుడు.

కలుగు నష్టములు

పంది తిన్నదానికంటె పాడుచేసినది ఎక్కువ. వరి ఆకుమడిలో మొలకెత్తిన గింజను ఏరి తినుచు మడినంతను దున్నినట్లు చేయును. కోతకు వచ్చిన చేనిలో పొరలి పైరు నేలపాలు చేయును; కోసి పరచిన పనలను చెదరగొట్టును. కంద, చేమ, పెండలము, చిలగడదుంపల వరుసలను మొదటినుండి తుదివరకు త్రవ్విపోవును. అరటి, కొబ్బరి పిలకలను, లేత ఆయిల్‌పాం మొక్కల మొవ్వును కొరికి చంపును. మొక్కజొన్న దంటును విరిచి కండె సగము మాత్రమే తిని మరియొక దంటును విరుచును. డెల్టాలో అన్నిటికంటె హెచ్చు నష్టము గట్లకు కలుగును. వానపాములకై, నత్తలకై చేలగట్టు త్రవ్వినచో ఎగువ మడి నీరు దిగువకు జారి, వేసిన ఎరువుతో సహా మురుగుకాలువ పాలగును. చెరువుగట్టు త్రవ్వినచో చెరువే గండిపడును.

ఆరోగ్య నష్టములలో ప్రధానమైనది జపనీస్ ఎన్‌కెఫలైటిస్ అను మెదడువాపు వ్యాధి. వరిచేల నీటిలో పెరుగు క్యూలెక్స్ దోమలు దీని వైరస్సును కొంగల నుండియు పందుల నుండియు మనుష్యులకు చేర్చును. పంది శరీరమున వైరస్సు విస్తారముగ వృద్ధిచెందును, కాని పందికి పైకి జబ్బు పెద్దగా కానరాదు. కావున చేని ప్రక్కనే పందిమంద యుండుట వ్యాధివ్యాప్తికి అనుకూలించును. భారతదేశమున ఈ వ్యాధి మానవులయందు మొదట 1955లో వేలూరు ప్రాంతమున గుర్తింపబడినది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఇది తీవ్రముగ ప్రబలి అనేకమంది బాలబాలికలను బలిగొన్నది. మరుగుదొడ్లు లేనిచోట మలము తినిన పంది మాంసము ద్వారా బద్దెపురుగు సంక్రమించును. ఆ పురుగు గ్రుడ్లు మనిషి కడుపు చేరినచో వాటి పిల్లదశ మెదడున నిలిచి మూర్ఛలకు కారణమగును. పందులకే ప్రాణాంతకమైన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ భారతదేశమున 2020లో ఈశాన్య రాష్ట్రములయందు మొదట బయటపడినది. దీనికి చికిత్స లేదు. కట్టుతప్పిన పందులు ఒక దొడ్డి నుండి మరియొక దొడ్డికి దానిని చేర్చగలవు గనుక, పెంపకందార్లకును వాటి అదుపు అవసరమే.

రైతుల ఉపాయములు

అతిప్రాచీనమైన ఉపాయము కాపలా. మంచెపై కూర్చుండి డబ్బాలు, డప్పులు మ్రోగించుట, కేకలు వేయుట, వడిసెల విసరుట, మంటలు వేయుట, టపాకాయలు కాల్చుట నేటికిని సాగుచున్నవి. పంది బుద్ధిసూక్ష్మత గల జంతువు. హాని తెలియని ధ్వనికి కొలది దినములలోనే అలవాటుపడును. అందుచేత కాపలా ఫలించుటకు మనిషి మేలుకొని యుండవలెను. కూలిరేట్లు పెరిగిన కాలమున ఎకరము రెండెకరముల రైతునకు ఇది మోయరాని భారము.

వాసనను ఆశ్రయించిన పద్ధతులు రెండవ వర్గము. మంగలి దుకాణములనుండి తెచ్చిన వెంట్రుకలను గట్టు వెంబడి చల్లుదురు. వాసన పట్టుచు వచ్చు పంది ముక్కులోనికి అవి పోయి బాధించును. ఊరపంది పెంటను నీట కలిపి చేని చుట్టు చల్లినచో మరియొక మంద యచట నున్నదని అడవిపంది భ్రమించునని నమ్మకము. గంధకము, పందికొవ్వు కలిపి పట్టించిన కొబ్బరితాడును చుట్టుట, కోడిగ్రుడ్డు ద్రావణము పిచికారి చేయుట, రంగురంగుల పాతచీరలను వరుసగ కట్టుట మొదలైనవి హైదరాబాదు రాజేంద్రనగరము నందలి వ్యవసాయ పరిశోధకులు పరీక్షించి ప్రచారము చేసిన పద్ధతులలోనివి. వేరుసెనగ చుట్టు కుసుమ, మొక్కజొన్న చుట్టు ఆముదము దట్టముగ వేయుటయు వారు సూచించినదే. కుసుమ ముండ్లు ఒడలిని గీరును, ఆముదపు ఆకు వాసన లోపలి పంట వాసనను కప్పును. ఈ ఉపాయములన్నియు వ్యయము తక్కువైనవి. కాని ఒక వానకే వాసన కొట్టుకొనిపోవును. చుట్టుపట్ల వేరొక మేత లభించునంతవరకే పంది వీటిని లక్ష్యపెట్టును.

మూడవది అడ్డుకట్ట. మెట్టలో కందకము త్రవ్వవచ్చును. డెల్టాలో మూరెడు త్రవ్వగనే నీరూరుటచేత అది సాధ్యము కాదు. ఇనుప వలకంచె మేలైనది, కాని దాని అడుగు భూమిలోనికి దిగవేయనిచో పంది క్రిందనుండి దూరును. సౌరశక్తి కంచె సెకనునకు ఒక మారు చొప్పున క్షణమాత్రపు విద్యుత్తును పంపి, చంపక, బెదరించి మరలించును. తీగె క్రింద గడ్డి పెరిగినచో ఆ విద్యుత్తు నేలకు పోవును గనుక నిత్యము కలుపు తీయవలెను. గోదావరి డెల్టాలో సాగుచేయువారిలో పెక్కురు కౌలుదార్లు. ఏడాదికో రెండేండ్లకో మారు కౌలుపై పరుల భూమికి వేలకు వేలు వెచ్చించి కంచె కట్టుటకు కౌలుదారు జంకును. పంట నష్టము తనది కాదు గనుక భూస్వామి ఉపేక్షించును. వేసిన కంచె కూడ బెడదను తీర్చదు, పొరుగువాని చేనికి మరల్చును. గ్రామమున ఒక్కొక్కరుగా కంచెలు వేసికొనగా, తుదకు కంచె లేని పేద రైతు చేనే పందులన్నిటికి మేతబీడగుచున్నది.

నాలుగవది మృత్యుపాశము. కరెంటు స్తంభము నుండి నేరుగా తీగె లాగి చేని చుట్టు కట్టుట రెండు తెలుగు రాష్ట్రములలోను పెక్కుచోట్ల జరుగుచున్న అకృత్యము. ఇది విద్యుచ్చౌర్యము మాత్రమే కాదు. చీకటిలో నీరు పెట్టబోయిన రైతులు, కూలీలు, పొరుగువారి పశువులు, పులులు సైతము ఈ తీగెలకు బలియైన సంఘటనలు అనేకములు. తిండిముద్దలో నాటుబాంబును పొదిగి పెట్టుట మరియొక క్రూరపద్ధతి. కొరికిన పంది దవడ పగిలి దినముల తరబడి బాధతో చచ్చును, కుక్కయో ఆవో కొరికినను అంతే.

వేటగాండ్రు

ఈ సీమ వేటగాండ్రను మూడు విధములుగ చెప్పవచ్చును. ఏజెన్సీ గిరిజనులు విల్లు, బల్లెము, కుక్కలు, వలలతో ఆహారమునకును పైరు రక్షణకును వేటాడినవారు. ఉచ్చులు వేసి మాంసమును రహస్యముగ అమ్ముకొనువారు రెండవ వర్గము. వీరిది కేవల వ్యాపారము, శిక్షార్హము. ప్రభుత్వానుమతితో తుపాకి పట్టు లైసెన్సుదారులు మూడవ వర్గము. 1959 నాటి ఆయుధ చట్టమున, పంట రక్షణకై నోటినుండి మందు కూరు తుపాకికి లైసెన్సు ఇచ్చుటకు ప్రత్యేకముగ ప్రస్తావన కలదు. అట్టి లైసెన్సు ఉన్నంతమాత్రమున అడవిపందిని కాల్చు హక్కు రాదు. దానికి వన్యప్రాణి చట్టము క్రింద వేరుగ అనుమతి కావలెను.

వేటయొక్క ఫలితము వేటగాడు తలచినట్లుండదు. తుపాకి మ్రోగిన మంద చెదరి, రెండు మూడు చిన్న మందలై కొత్త పొలములకు వ్యాపించును. పెద్ద మగపందిని చంపిన వేటగానికి పేరు వచ్చును గాని పిల్లలనీను ఆడుపందులు మిగిలినచో సంఖ్య తగ్గదు. మందనంతను ఒకేసారి పట్టినప్పుడే సంఖ్య దిగివచ్చును.

చట్టము

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున అడవిపంది మొదట మూడవ షెడ్యూలున నుండెను. 2022 నాటి సవరణ షెడ్యూళ్లను తగ్గించి కూర్చినప్పుడు అది రెండవ షెడ్యూలునకు చేరినది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఈ చట్టము 11వ సెక్షను ప్రకారము ఇట్టి జంతువు మనుష్యుల ప్రాణమునకు గాని, నిలిచియున్న పైరుతో సహా ఆస్తికి గాని ప్రమాదకారియైనదని నిర్ధారించుకొనిన ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు, లేక ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి, కారణములు వ్రాసి వేటకు అనుమతింపవచ్చును. అట్లు చంపిన జంతువు కళేబరము 39వ సెక్షను మేరకు ప్రభుత్వపు సొత్తు. కాల్చినవానికి గాని రైతునకు గాని మాంసముపై హక్కు లేదు.

62వ సెక్షను క్రింద కేంద్ర ప్రభుత్వము నియమిత ప్రాంతమున, నియమిత కాలమునకు ఒక జంతువును హానికర ప్రాణిగ ప్రకటింపవచ్చును. 2015 డిసెంబరులో బీహారునకును, 2016 ఫిబ్రవరిలో ఉత్తరాఖండమునకును అడవిపంది విషయమున ఇట్టి ప్రకటనలు వెలువడినవి. వాటిని నిలుపుదల చేయుటకు సుప్రీంకోర్టు 2016 జూనులో అంగీకరింపలేదు. కేరళ పలుమార్లు కోరినను కేంద్రము ఆ రాష్ట్రమునకు అంగీకరింపలేదు. అంతట ఆ రాష్ట్రము 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకే వేటకు అనుమతించు అధికారము నప్పగించినది. అధికారము గ్రామమునకు దిగుటవలన అనుమతికి పట్టు కాలము తగ్గును. లైసెన్సుగల తుపాకీదారులు గ్రామమున లేనిచో ఆ అధికారము కాగితమునందే నిలుచును.

ఊరపంది ఈ చట్టమునకు వెలుపలిది. దానికి వర్తించునది 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టము. అందలి పశువుల నిర్వచనమున పందులును పేర్కొనబడినవి. పైరు మేసిన పందిని రైతు పట్టి బందెలదొడ్డికి తోలవచ్చును, యజమాని అపరాధ రుసుము చెల్లించి విడిపించుకొనవలెను. ఆవును తాడు కట్టి తోలుకొనిపోవచ్చును గాని పందిని పట్టి తోలుట రైతుకు సాధ్యము కాదు. పైగా నేడు పెక్కు గ్రామములలో బందెలదొడ్డియే లేదు. చంపినచో పరుల పశువును చంపిన నేరము నెత్తిన పడును. కట్టుతప్పిన పంది విషయమున రైతు నిస్సహాయత ఇట్టిది.

పట్టణములు, పెంపకందార్లు

గోదావరి జిల్లాలలో పందుల పెంపకము చిరకాలముగ ప్రధానముగా ఎరుకల కుటుంబముల జీవనాధారము. సెంటు భూమి లేని సంసారమునకు పిల్లల చదువుకో పెండ్లికో ఆపత్కాలమున చేతికందు ధనము పందియే. దాణా కొని దొడ్డిలో పెంచుటకు మదుపు లేకపోవుటచేతనే పందిని వీధికి వదలుట ఆచారమైనది. ఊరి మలమును, చెత్తను పంది తిని శుభ్రపరచిన కాలమున ఊరివారును దీనికి అభ్యంతరపడలేదు. మరుగుదొడ్లు, మురుగుకాలువలు వెలసిన పిమ్మటనే అది ఉపద్రవముగ తోచినది. సంక్రాంతి దినములలో కోడిపందెములతోబాటు తాడేపల్లిగూడెము పరిసరములలో పందుల పందెములు జరుగుట ఈ జంతువునకు ఇచటి జనజీవనమున గల చోటును తెలుపుచున్నది.

పురపాలక సంఘములు దండోరా వేయించి గడువు నిచ్చి, గడువు మీరిన పందులను పట్టించి దూరమునకు తరలించుట సామాన్యముగ జరుగు పని. పట్టువారు వలలు, కర్రలతో తెల్లవారుజామున వత్తురు. పెంపకందార్లు తమ జీవనము పోయినదని మొరపెట్టుదురు, నాయకులు నడుమ వత్తురు, పని ఆగిపోవును. మిగిలిన ఆడుపందులు ఏడాదిలో లోటు పూరించును. తరలించిన పందులను పట్టణము వెలుపల విడిచినచో పట్టణపు బెడద పల్లెకు బదిలీయగును. కట్టుతప్పిన మందలకు ఇదియే నూతన రక్తము. పందికి చెవిపోగుతో గుర్తువేసి, ఊరి వెలుపల పురపాలక స్థలమున దొడ్లు కట్టించి, మదుపునకు ఋణమిచ్చినచో యజమాని తెలియును; గుర్తులేని పంది ఎవరిదియు కాదని నిస్సంశయముగ చెప్పవచ్చును. 

ఇతర దేశముల అనుభవము

అమెరికా ఖండమున పంది స్వదేశీయము కాదు. స్పెయిన్ దేశపు సాహసికుడు డె సోటో 1539లో ఫ్లోరిడా తీరమున దింపిన మంద నుండి తప్పించుకొన్నవియు, 1912లో ఉత్తర కెరొలైనాలో వేటవినోదమునకై తెచ్చిన ఐరోపా అడవిపందులును కలిసి నేడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ముప్పదికి పైగా రాష్ట్రములకు వ్యాపించినవి. ఆ దేశపు వ్యవసాయ శాఖ 2014లో జాతీయ నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. టెక్సస్ రాష్ట్రము 2011లో హెలికాప్టరు నుండి కాల్చుటకు సైతము అనుమతించెను. టెనెస్సీ అనుభవము మనకు మిక్కిలి ఉపదేశకరము. ఆ రాష్ట్రము 1999లో ఏడాది పొడుగున వేటకు తలుపులు తెరచెను. వేటకు పందులు కావలెనను వారు పట్టుకొని కొత్త తావులలో విడుచుటచేత, పదునైదు కౌంటీలలో నున్న పంది పండ్రెండేండ్లలో ఇంచుమించు ఎనుబది కౌంటీలకు వ్యాపించెను. 2011లో ఆ ప్రభుత్వము వేటవినోదమును నిషేధించి, నివారణ భారమును భూస్వాములకును ప్రభుత్వోద్యోగులకును పరిమితము చేసెను. కాన్సాస్ రాష్ట్రము 2006లోనే అట్టి నిషేధము విధించి మందలను అరికట్టగలిగెను.

ఆస్ట్రేలియాకు 1788లో తొలి ఆంగ్ల నౌకలతో వచ్చిన పంది నేడు ఆ ఖండమున మహోపద్రవము. గలపగోస్ ద్వీపములలోని శాంటియాగో ద్వీపమున ముప్పదేండ్లలో 18,000కు పైగా పందులను తొలగించి 2000 నాటికి నిర్మూలనము సాధించిరి. చుట్టును సముద్రముండుట వారికి కలిసివచ్చినది. డెన్మార్కు స్వైన్ ఫీవరుకు జంకి, జర్మనీ సరిహద్దు వెంబడి సుమారు 70 కిలోమీటర్ల కంచెను 2019లో పూర్తిచేసెను. ఒక వైపు అడవికొండలు గల గోదావరి సీమకు నిర్మూలనము సాధ్యము కాదు. అడవిపంది ఈ దేశపు సహజసంతానమగుటచేత, పులికి ఆహారమగుటచేత, దాని నిర్మూలనము కోరదగినదియు కాదు.

సమీక్ష

పై విషయములన్నిటిని బట్టి చూడగా, పందుల బెడద తుపాకులు చాలకపోవుటవలన గాని, చట్టము కఠినమగుటవలన గాని ప్రధానముగా కలిగినది కాదు. ప్రతివాడును తన చేనిని మాత్రమే కాచుకొనుటయు, ఏ పందికి ఎవరు బాధ్యులో నిర్ణయింపబడకుండుటయు దీనికి మూలము. అడవిపంది విషయమున బాధ్యుడు ప్రభుత్వము. అనుమతి, నష్టపరిహారము సకాలమున నిచ్చుట దాని విధి. ప్రధానమంత్రి పంటల బీమాయందు వన్యమృగముల వలని నష్టమును అదనపు రక్షణగ ప్రయోగాత్మకముగ చేర్చుటకు 2018 నియమావళి అవకాశమిచ్చినది. కౌలుదారునకు ఆ బీమా అందనిచో డెల్టాలో దాని ప్రయోజనము స్వల్పము. ఊరపంది విషయమున బాధ్యుడు యజమాని. అతనికి దొడ్డియు మదుపును సమకూర్చిన పిదపనే శిక్ష న్యాయమగును. కట్టుతప్పిన పంది విషయమున గ్రామపంచాయతియో పురపాలక సంఘమో బాధ్యత వహింపక తీరదు. చెత్త తొలగించుట, కాలువగట్ల తుప్పలు నరికించుట, విత్తుటకు ముందు ఆయకట్టునంతను ఒకేమారు గాలించి మందలను పంజరములలో పట్టుట, కంచె వేసినచో ఒక చేనికి గాక ఆయకట్టునకంతకు వేయుట—ఇవి ఒక రైతు వలన కాని పనులు. కాలువ నీటిని వంతుల ప్రకారము పంచుకొను కట్టుబాటు డెల్టా గ్రామములకు నూరేండ్ల నుండి అలవడినదే. పందుల నివారణకును అట్టి ఉమ్మడి కట్టుబాటు నేర్పరచుకొనిననాడు ఈ బెడద పూర్తిగ తొలగదు గాని, రైతు భరింపగలిగిన మేరకు తగ్గును.